కొత్తగా బిగించిన కంప్యూటర్ ఆన్ అవ్వడం లేదా? ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా

ఆఖరి స్క్రూ బిగించారు, వైర్లన్నీ సర్దారు, పవర్ బటన్ నొక్కారు. చడీచప్పుడు లేదు. లేదా ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి గానీ మానిటర్ నల్లగా అలాగే ఉంది. ప్రాసెసర్ పోయిందా, మదర్‌బోర్డు (పార్టులన్నీ తగిలించే పెద్ద బోర్డు) కాలిపోయిందా అని గుండె గుభేలుమంటుంది. టెన్షన్ పడకండి. రెండూ బాగానే ఉండే అవకాశం ఎక్కువ. కొత్త పార్టుల్లో పాడైనవి అసలు రావని కాదు. కానీ సగమే దిగిన ర్యామ్, పెట్టడం మర్చిపోయిన వైరు, తప్పు చోట గుచ్చిన మానిటర్ కేబుల్ లాంటి వాటితో పోలిస్తే అవి చాలా తక్కువ.

నేను మొదటిసారి సొంతంగా అసెంబుల్ చేసినప్పుడు డిస్‌ప్లే రాలేదని ప్రాసెసర్‌ని మూడుసార్లు తీసి పెట్టాను. ప్రతిసారీ ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ తుడవడం, మళ్లీ రాయడం. తీరా చూస్తే బోర్డు పైమూలలో ప్రాసెసర్ పవర్ వైరు పెట్టనే లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. అప్పటి నుంచి ఏ మెషీన్ ముందు కూర్చున్నా నేను మొదట చూసేది అది ఎంతవరకు వచ్చి ఆగిందనే. ఏ పార్టు మీద అనుమానపడాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

కంప్యూటర్ లేవడానికి ఒక వరుస ఉంది. ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును పార్టులకు కావాల్సిన వోల్టేజీకి మార్చే డబ్బా) వెనక స్విచ్ వేయగానే, మీరు ఇంకా బటన్ నొక్కకముందే, బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతుంది. బటన్ నొక్కితే బోర్డు ఎస్‌ఎంపీఎస్‌ని లేపుతుంది. 12, 5, 3.3 వోల్టుల లైన్లు నిలకడగా వచ్చాక ఎస్‌ఎంపీఎస్ నుంచి పవర్ గుడ్ అనే సిగ్నల్ వస్తుంది. అప్పుడు గానీ ప్రాసెసర్ పని మొదలుపెట్టదు. అది బోర్డు చిప్‌లో ఉండే బయోస్ అనే మొదటి ప్రోగ్రామ్‌ని చదువుతుంది, ర్యామ్‌ని సిద్ధం చేస్తుంది, గ్రాఫిక్స్‌ని పలకరిస్తుంది, చివరికి డ్రైవ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఉందా అని చూస్తుంది. గమనించండి, తెర మీద బొమ్మ పడేది ర్యామ్ దాటిన తర్వాతే. అందుకే ర్యామ్ సరిగా కూర్చోకపోయినా మీకు కనిపించేది నల్ల తెరే, గ్రాఫిక్స్ కార్డ్ పోయినా నల్ల తెరే.

చెయ్యి పెట్టే ముందు

ఏది తీయాలన్నా, పెట్టాలన్నా ముందు ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపండి, పవర్ కేబుల్ పీకేయండి, తర్వాత క్యాబినెట్ బటన్‌ని ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన కరెంటు దిగిపోతుంది. బోర్డు మీద ఏదైనా లైటు వెలుగుతుంటే ఆరిపోయేదాకా ఆగండి. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకితే ఒంట్లోని స్టాటిక్ పోతుంది. ఎస్‌ఎంపీఎస్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. కేబుల్ పీకేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ ఉండిపోతుంది.

ఇంకొక్క మాట. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది కాగితం మీద రాసుకోండి. ర్యామ్ తీసి, గ్రాఫిక్స్ కార్డ్ మార్చి, బయోస్ రీసెట్ చేసి ఒకేసారి ఆన్ చేస్తే, అది పనిచేసినా ఎందుకు పనిచేసిందో మీకు తెలియదు. రేపు మళ్లీ ఆగిపోతే మళ్లీ మొదటికి రావాలి.

బటన్ నొక్కినా చలనమే లేకపోతే

ముందు బయట చూడండి. నవ్వొస్తుందేమో గానీ, ఎస్‌ఎంపీఎస్ వెనక ఉండే చిన్న స్విచ్ ఆఫ్‌లో ఉండిపోవడం బాగా అనుభవం ఉన్నవాళ్లకీ జరుగుతుంది. నిలువు గీత వైపు నొక్కితే ఆన్, సున్నా వైపు నొక్కితే ఆఫ్. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ని నమ్మకండి. కేబుల్ నేరుగా గోడ ప్లగ్‌లో పెట్టి చూడండి, అదే ప్లగ్‌లో ఫోన్ ఛార్జర్ లాంటిది పనిచేస్తోందో లేదో కూడా.

కరెంటు వస్తోందంటే తర్వాత చూడాల్సింది 24 పిన్నుల పెద్ద కనెక్టర్. ఇది గట్టిగా ఉంటుంది. బోర్డు వంగుతోందని భయపడి చాలామంది సగంలో వదిలేస్తారు. బోర్డు అంచు కింద ఒక చేత్తో ఆనించి, పక్కనున్న క్లిప్పు టక్‌మని పడేదాకా నొక్కండి. ఎస్‌ఎంపీఎస్ మాడ్యులర్ రకమైతే, అంటే కేబుళ్లు రెండు వైపులా ఊడొచ్చేదైతే, కేబుల్ రెండో కొస కూడా చూడండి, అక్కడా వదులుగా ఉండొచ్చు.

ఆ తర్వాత అనుమానించాల్సింది క్యాబినెట్ బటన్ వైరు. బోర్డు కింది మూలలో, చీమ తలంత పిన్నుల మీద గుచ్చాల్సిన చిన్న వైర్లు ఉంటాయి కదా, ఒక పిన్ను పక్కకు జరిగినా బటన్ పనిచేయదు. దీన్ని తేల్చుకోవడానికి తేలికైన దారి ఉంది. మాన్యువల్ తీసి పవర్ స్విచ్ పిన్నులు రెండూ ఏవో చూడండి. వైర్లు తీసేసి, ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపి తీసేయండి. బటన్ చేసే పని కూడా ఇంతే. మెషీన్ లేచిందంటే తప్పు బటన్‌ది, లేదా మీరు గుచ్చిన చోటుది. పవర్ స్విచ్‌కి ప్లస్, మైనస్ తేడా లేదు, ఎటు పెట్టినా పనిచేస్తుంది. లైట్ల వైర్లకు మాత్రం తేడా ఉంది. తిరగేసి పెడితే లైటు వెలగదు, అంతకు మించి నష్టం ఏమీ లేదు.

ఇక్కడే యూఎస్‌బీ హెడర్లు, అంటే యూఎస్‌బీ వైర్లు గుచ్చే పిన్నుల గుంపులు కూడా చూడండి. క్యాబినెట్ ముందు వైపు యూఎస్‌బీ వైరు వంకరగా గుచ్చితే ఒక పిన్ను వంగి పక్క పిన్నుకు తగిలే అవకాశం ఉంది. అది చాలు, బోర్డు లేవకుండా మొరాయించడానికి. అనుమానం వస్తే ముందు వైపు యూఎస్‌బీ, ఆడియో వైర్లన్నీ తీసేసి ఒకసారి ప్రయత్నించండి.

అప్పటికీ కదలకపోతే ఎస్‌ఎంపీఎస్‌ని విడిగా పరీక్షించాలి. దాన్ని ఆపి, అన్ని పార్టుల నుంచీ విడదీసి, 24 పిన్నుల కనెక్టర్‌లో 16వ పిన్నునూ ఏదైనా గ్రౌండ్ పిన్నునూ ఒక పేపర్ క్లిప్‌తో కలపండి. రంగు వైర్లున్న వాటిలో పచ్చ వైరు, నల్ల వైరు. ఇప్పటి కేబుళ్లు చాలావరకు అన్నీ నల్లగానే ఉంటాయి కాబట్టి పిన్ను లెక్క తప్పకండి. ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాకే స్విచ్ వేయండి. ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ లేస్తోందని అర్థం. లోడ్ పడినప్పుడు నిలబడుతుందో లేదో ఈ పరీక్ష చెప్పదు. కొన్ని మోడళ్లలో వేడెక్కేదాకా ఫ్యాన్ తిరగదు కూడా. కాబట్టి ఈ పరీక్షను మరీ ఎక్కువగా నమ్మను. దగ్గర్లో ఎవరి దగ్గరైనా పనిచేసే ఎస్‌ఎంపీఎస్ ఉంటే, దాని కేబుళ్లతో సహా తెచ్చి పెట్టి చూడటం మేలు. కేబుళ్లతో సహా అని ఎందుకన్నానంటే, మాడ్యులర్ కేబుళ్లు చూడటానికి ఒకేలా ఉన్నా ఒక్కో మోడల్‌కి లోపలి పిన్నుల వరుస వేరుగా ఉంటుంది. ఒకదాని కేబుల్ ఇంకోదానికి వాడితే డ్రైవ్‌లు, బోర్డు కాలిపోయే ప్రమాదం ఉంది.

లేచినట్టే లేచి ఆగిపోతుంటే

ఎంతసేపటికి ఆగుతోందో లెక్కపెట్టండి. అందులోనే సగం జవాబు ఉంది.

ఫ్యాన్ రెక్క అలా కదిలి ఒక సెకనులోపే చచ్చిపోతే ఎక్కడో షార్ట్ ఉంది, ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోంది. బోర్డు కింద క్యాబినెట్‌లో దాన్ని ఎత్తి నిలిపే ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లు ఉంటాయి. బోర్డు రంధ్రం లేని చోట ఒకటి అదనంగా ఉండిపోతే అది బోర్డు వెనక భాగానికి తగులుతుంది. చిన్న సైజు బోర్డుని పెద్ద క్యాబినెట్‌లో పెట్టినప్పుడు ఈ పొరపాటు ఎక్కువ. కింద జారిపోయిన స్క్రూ ఏదైనా ఉందేమో క్యాబినెట్‌ని మెల్లగా వంచి వినండి. వెనకపక్క పోర్టుల చుట్టూ ఉండే ఐఓ షీల్డ్ రేకు నాలుక ఒకటి పోర్టు లోపలికి దూరిందేమో కూడా చూడండి.

ప్రాసెసర్ 8 పిన్నుల వైరు, గ్రాఫిక్స్ కార్డ్ 8 పిన్నుల వైరు చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ప్రాసెసర్ వైరు 4+4గా విడిపోతుంది, గ్రాఫిక్స్‌ది 6+2గా. పిన్నుల ఆకారాలు వేరు, లోపల 12 వోల్టులు, గ్రౌండ్ ఉండే వరుసలు కూడా తారుమారు. దూరడం లేదని బలవంతం చేస్తే నేరుగా షార్టే. కేబుల్ మీద ఉన్న ముద్ర చదివి గుచ్చండి.

కొన్ని సెకన్లు తిరిగి, ఆగి, మళ్లీ దానంతటదే లేచి, మళ్లీ ఆగుతుంటే అది ఎక్కువగా ర్యామ్ గొడవ. బోర్డు ర్యామ్‌తో మాట కలవక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందన్నమాట. అదే ఒకటి రెండు నిమిషాలు బాగానే ఉండి టప్‌మని ఆగితే కూలర్‌ని చూడండి. చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటాయి, ఇంకా వేడెక్కితే మెషీన్‌నే ఆపేస్తాయి. కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించినవాళ్లు ఎందరో. నీటి కూలర్ అయితే పంపు వైరు పెట్టారో లేదో చూడండి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు

వచ్చే ఫిర్యాదుల్లో పెద్ద వాటా దీనిదే. తొందరపడి అన్నీ విప్పేసేదీ ఇక్కడే.

మానిటర్ కేబుల్ ఎక్కడ గుచ్చారు? విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, బోర్డు మీదున్న హెచ్‌డీఎంఐకి కాదు. క్యాబినెట్ వెనక అడ్డంగా ఉండే పోర్టులు కార్డువి, పైన నిలువుగా గుంపుగా ఉండేవి బోర్డువి. కార్డ్ లేకుండా ప్రాసెసర్ గ్రాఫిక్స్‌తో నడపాలనుకుంటే అది అసలు ఉందో లేదో చూసుకోండి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికి ఉండదు. రైజెన్ 5000 డెస్క్‌టాప్ శ్రేణిలో పేరు చివర జీ లేనివాటికి ఉండదు. రైజెన్ 7000లో చాలావాటికి చిన్నదైనా ఉంది, ఎఫ్ రకాలకు లేదు. మానిటర్ మెనూలో సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నారో లేదో కూడా చూసేయండి.

అవన్నీ సరే అనుకుంటే, డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) బోర్డు అయితే ముందు ఏమీ చేయకుండా కూర్చోండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ర్యామ్‌ని సరిచూసుకునే పని చేస్తుంది, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. ఏఎం5 (రైజెన్ 7000 నుంచి వాడుతున్న ప్రాసెసర్ సాకెట్) బోర్డుల్లో ముఖ్యంగా ఇది చాలా నిమిషాలు పట్టొచ్చు. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. మధ్యలో కంగారుపడి ఆపేస్తే మళ్లీ మొదటి నుంచి. పదిహేను నిమిషాలు ఇచ్చాకే తర్వాతి మెట్టుకు వెళ్లమంటాను.

ఇప్పుడు బోర్డు మీది చిన్న లైట్లను చూడండి. ఈమధ్య వస్తున్న చాలా బోర్డుల మీద 24 పిన్నుల కనెక్టర్ దగ్గరో, పై అంచులోనో సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డ్రైవ్) అని నాలుగు లైట్లు ఉంటాయి. ఏది వెలిగి ఆరకుండా ఉండిపోయిందో అక్కడే బండి ఆగింది. కొన్ని బోర్డుల మీద రెండంకెల కోడ్ చూపించే చిన్న తెర ఉంటుంది, ఆ కోడ్ అర్థం మాన్యువల్‌లో ఉంటుంది. ఇవేవీ లేకపోతే బోర్డు స్పీకర్ పిన్నులకు ఒక చిన్న బీప్ స్పీకర్ తగిలించండి. బీప్‌ల లెక్క బయోస్ తయారీదారునిబట్టి మారుతుంది కాబట్టి దానికీ మాన్యువలే దిక్కు.

డీర్యామ్ లైటు వెలిగితే సంతోషించండి, చాలావరకు రెండు నిమిషాల పని. ర్యామ్ స్టిక్‌లన్నీ తీసేసి ఒక్కటే పెట్టండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, అంటే ఏ2 అని రాసి ఉండేదానిలో పెట్టాలి. రెండు స్టిక్‌లుంటే ఏ2, బీ2. అంటే రెండు, నాలుగు. నొక్కేటప్పుడు రెండు చివర్లనూ సమానంగా, మనసుకు కొంచెం భయం వేసేంత గట్టిగా నొక్కాలి. కొన్ని బోర్డుల్లో లాకు ఒకవైపే ఉంటుంది. అలాంటప్పుడు లాకు లేని వైపు పూర్తిగా దిగకుండా ఉండిపోతుంది, పక్క నుంచి వంగి చూస్తేనే తెలుస్తుంది. ఒక స్టిక్‌తో రాకపోతే రెండోది, ఒక స్లాట్‌లో రాకపోతే ఇంకో స్లాట్, ఇలా జతలు మార్చి చూడండి. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో ఆగుతుంటే తప్పు ర్యామ్‌ది కాదు. బోర్డు, ప్రాసెసర్ సాకెట్ వైపు చూడాలి. కూలర్‌ని ఒకవైపు మరీ బిగించినా ప్రాసెసర్ పిన్నులకు సరిగా ఆనక ర్యామ్ ఛానల్ (ర్యామ్‌కి వెళ్లే దారి) ఒకటి కనబడకుండా పోతుంది.

సీపీయూ లైటు వెలిగితే మొట్టమొదట నేను మర్చిపోయిన వైరే చూడండి. బోర్డు పై ఎడమ మూలలో 8 పిన్నులది. రెండు కనెక్టర్లున్న బోర్డుల్లో చాలావాటికి ఒకటి పూర్తిగా పెడితే ఆన్ అవ్వడానికి సరిపోతుంది.

వైరు బాగుంటే బయోస్ వెర్షన్ సంగతి. బోర్డు మార్కెట్‌లోకి వచ్చాక విడుదలైన ప్రాసెసర్‌ని ఆ బోర్డు పాత బయోస్ గుర్తుపట్టదు. ఇంటెల్ 600 శ్రేణి బోర్డులో 13వ తరం ప్రాసెసర్, బీ450 బోర్డులో రైజెన్ 5000, బీ650 బోర్డులో రైజెన్ 9000 పెట్టినప్పుడు ఈ చిక్కు వస్తుంది. సాకెట్ ఒకటే కావడంతో సరిపోతుందనుకుంటాం. బోర్డు తయారీదారు సైట్‌లో ప్రాసెసర్ల జాబితా తెరిచి, మీ ప్రాసెసర్ ఎదురుగా ఏ వెర్షన్ నుంచి అని రాసి ఉందో చూడండి. బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే, ప్రాసెసర్ పనిచేయకపోయినా బయోస్ మార్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, ఫైల్‌కి మాన్యువల్ చెప్పిన పేరు పెట్టి, గుర్తున్న పోర్టులోనే గుచ్చి బటన్ నొక్కాలి. లైటు మినుకుమినుకుమంటున్నంతసేపూ కరెంటు పోకూడదు, మీరూ ఏదీ ముట్టుకోకూడదు.

చివరగా సాకెట్. ఇంటెల్ బోర్డుల్లోనూ ఏఎం5లోనూ పిన్నులు బోర్డు వైపు ఉంటాయి, దానికి ముందు సాకెట్ అయిన ఏఎం4లో ప్రాసెసర్ అడుగున. ప్రాసెసర్ తీసి, టార్చ్‌లైట్‌ని ఏటవాలుగా పట్టి పిన్నుల మీద వెలుగు ఒకే తీరుగా మెరుస్తోందో లేదో చూడండి. ఒక్కటి వేరుగా మెరిసినా అది వంగిందని అనుమానించాలి. ఏఎం4లో కూలర్‌ని నేరుగా పైకి లాగితే ప్రాసెసర్ కూడా అతుక్కుని ఊడి రావొచ్చు. కాసేపు నడిచి పేస్ట్ వెచ్చగా ఉన్నప్పుడు కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి.

వీజీఏ లైటు అయితే కార్డ్ తీసి మళ్లీ పెట్టండి, స్లాట్ చివర లాకు పడాలి. కార్డ్ పవర్ వైర్లు చూడండి. కొత్త కార్డుల 16 పిన్నుల కనెక్టర్ మధ్యలో ఖాళీ కనబడకుండా పూర్తిగా దిగాలి, లేకపోతే వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డ్ తీసేసి బోర్డు హెచ్‌డీఎంఐతో చూడండి. బొమ్మ వచ్చిందా, అనుమానం కార్డ్ మీదకు వెళ్లింది.

ఏ లైటూ స్పష్టంగా చెప్పకపోతే బయోస్ సెట్టింగ్స్ రీసెట్ చేయండి. కేబుల్ పీకేసి, సీఆర్2032 బటన్ బ్యాటరీని ఐదు నిమిషాలు తీసి పెట్టినా సరే, మాన్యువల్‌లో చూపిన సీమోస్ (బయోస్ సెట్టింగ్స్ దాచే చోటు) పిన్నులను స్క్రూడ్రైవర్‌తో కొన్ని సెకన్లు కలిపినా సరే.

అంతా బయటకు తీసి అట్టపెట్టె మీద

ఇంతవరకు వచ్చినా దారి దొరకలేదంటే బోర్డుని క్యాబినెట్‌లోంచి తీసేయండి. విసుగే, కానీ ఇంత తేటగా తేల్చే పద్ధతి ఇంకోటి లేదు. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీద దాన్ని పెట్టండి. వెండి రంగు యాంటీస్టాటిక్ కవర్ మీద పెట్టకండి, దాని పై పొరలో కరెంటు పారొచ్చు. ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ స్టిక్, 24 పిన్నులు, 8 పిన్నులు, ఇంతే. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డ్ కూడా. డ్రైవ్‌లు, క్యాబినెట్ వైర్లు, ఆర్‌జీబీ లైట్లు ఏవీ వద్దు. పవర్ పిన్నులు స్క్రూడ్రైవర్‌తో కలపండి.

ఇక్కడ లేచిందంటే దోషం క్యాబినెట్‌లోనో, మీరు పక్కన పెట్టిన వాటిలోనో ఉంది. ఒక్కొక్కటే కలుపుతూ ప్రతిసారీ ఆన్ చేసి చూడండి. ఇక్కడా లేవకపోతే మిగిలినవి నాలుగైదు పార్టులే. నేనైతే మొదట వేరే ఎస్‌ఎంపీఎస్, తర్వాత వేరే ర్యామ్, తర్వాత బోర్డు, ఆఖరున ప్రాసెసర్ మారుస్తాను. పిన్నులు బాగుంటే ప్రాసెసర్ పాడై రావడం మహా అరుదు.

బయోస్ వచ్చింది, విండోస్ రాలేదు

ఇక్కడిదాకా వచ్చారంటే కష్టమైన భాగం దాటేశారు. కొత్త డ్రైవ్ ఖాళీగా ఉంటుంది కాబట్టి బూట్ డివైస్ లేదన్న మెసేజ్ రావడం తప్పే కాదు. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టలేషన్ ఫైళ్లు వేసి, బూట్ మెనూలో దాన్ని ఎంచుకోవాలి.

డ్రైవే బయోస్‌లో కనబడకపోతే ఎం.2 డ్రైవ్ (బోర్డులోనే గుచ్చే పట్టీ లాంటి డ్రైవ్) పూర్తిగా దూరిందో లేదో చూడండి. ఏటవాలుగా పెట్టి, చివరిదాకా తోసి, అప్పుడు వంచి స్క్రూ బిగించాలి. కొన్ని ఎం.2 స్లాట్లు వేగమైన ఎన్‌వీఎంఈ రకాన్నే తీసుకుంటాయి, పాత సాటా రకాన్ని గుర్తించవు. కొన్ని బోర్డుల్లో ఒక ఎం.2 స్లాట్ నిండితే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. అది చెడిపోవడం కాదు, తయారీయే అంత. మాన్యువల్‌లో రాసి ఉంటుంది. బయోస్‌లో కనబడి విండోస్ సెటప్‌లో కనబడకపోతే, ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన మెషీన్లలో వీఎండీ అనే సెట్టింగ్ (డ్రైవ్‌లను నిర్వహించే ఇంటెల్ పద్ధతి) కారణం కావొచ్చు. దానికి సంబంధించిన స్టోరేజ్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి సెటప్ మధ్యలో లోడ్ చేస్తే డ్రైవ్ ప్రత్యక్షమవుతుంది. పాత కంప్యూటర్ డ్రైవ్‌ని అలాగే తెచ్చి పెడితే, అది పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజించి ఉండి, కొత్త బోర్డు యూఈఎఫ్ఐ (కొత్త తరహా బయోస్) మాత్రమే అంటుంటే బూట్ కాదు.

ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో సెట్టింగ్ జోలికి విండోస్ నిలకడగా నడిచాకే వెళ్లండి. అది ఆన్ చేసిన వెంటనే మళ్లీ నల్ల తెర వస్తే భయం లేదు. చాలా బోర్డులు రెండు మూడుసార్లు ప్రయత్నించి వాటంతటవే పాత వేగానికి వస్తాయి. రాకపోతే సీమోస్ రీసెట్.

పార్టు నిజంగానే పోయిందని తేలితే వారంటీకి పంపేటప్పుడు, మీరు కాగితం మీద రాసుకున్న వరుసను అలాగే జతచేయండి. ఏ స్టిక్ ఏ స్లాట్‌లో పెడితే ఏ లైటు వెలిగిందో రాసి ఇస్తే మొదటి నుంచి అన్నీ మళ్లీ చేయించరు. వెళ్లేది బోర్డు అయితే, సాకెట్ మీద మొదట వచ్చిన నల్ల ప్లాస్టిక్ మూత పెట్టే ప్యాక్ చేయండి. అది లేకుండా వెళ్లి దారిలో పిన్నులు వంగితే, తప్పు మీదే అంటారు.